ఇల్జామ్ ముందు, తహ్ఖీఖ్ తర్వాతా?



మన ఇళ్ళల్లో ఒక ఆదత్ ఉంది. ఏదైనా పాడైతే ముందు ఫైసలా చెప్పేస్తాం, ఆ తర్వాత ఓపిక ఉంటే కారణం వెతుకుతాం. మిక్సీ కాలినా అంతే, కూతురి సంసారంలో గొడవొచ్చినా అంతే. నేనూ ఆ బాపతే. నాలుగు చానెళ్ళ రిమోట్ విమానం ఒకటి, దాని పొట్టలో అరచేతిలో పట్టే బ్యాటరీ ఒకటి, నా ఈ ఆదత్‌ని నా మొహం మీదే చూపించాయి. అందుకే ఈ రాత.

2022లో రంజాన్ దాదాపు ఏప్రిల్ నెలంతా వచ్చింది. మాది కర్నూలు. ఏప్రిల్‌లో మా ఎండ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. మా ఛోటాకి అప్పుడు పదిహేనేళ్ళు. వాడికి ఎలక్ట్రిక్ ఆర్‌సీ విమానాలంటే షౌఖ్. ఫోమ్‌తో వాడే కోసి అతికించుకున్న విమానం, చిన్న బ్రష్‌లెస్ మోటారు, నాలుగు లిపో బ్యాటరీలు. రోజాలు పెట్టుకుని ఎండలో తిరగడం కుదరదు కాబట్టి ఆ నెల ఎగరేయనన్నాడు. ఈద్ రోజు సాయంత్రం చుట్టాల పిల్లలందరికీ ఎగరేసి చూపిస్తానన్నాడు.

ఈద్ రోజు అసర్ నమాజ్ అయ్యాక ఊరి బయట బీడులోకి అందరం వెళ్ళాం. విమానం బాగానే లేచింది. మూడో చుట్టులో మోటారు చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. వాడు కంగారుపడి వెనక్కి తిప్పబోయాడు, ముక్కు పైకి లాగాడు. అది గాల్లో నిలబడినట్టే నిలబడి, పక్కకి ఒరిగి, రాయిలా పడింది. మా ఖాలా మనవరాలు, ఐదేళ్ళ పిల్ల, కొత్త షరారా వేసుకుని నిలబడ్డ చోటికి రెండు గజాల దూరంలో. అల్లాహ్ కరమ్, పిల్లకి ఏమీ కాలేదు.

ఆ తర్వాత అందరూ ముఫ్తీలైపోయారు. ఖాలా "నజర్ లగీ" అంది. మా బావమరిది "నక్లీ మాల్, ఆన్‌లైన్‌లో కొంటే ఇంతే" అన్నాడు. నేను మాత్రం అందరి ముందూ వాడి చెంప మీద ఒకటి వేసి, "లాపర్వా! బ్యాటరీ చూసుకోకుండా ఎగరేస్తావా? ఈ రోజుతో బంద్" అన్నాను. ఈద్ రోజు. కొత్త కుర్తాలో. వాడు ఒక్క మాట కూడా అనలేదు. ముక్కలు ఏరుకుని సంచిలో వేసుకున్నాడు.

రాత్రి నిద్ర పట్టలేదు. పట్టకపోవడానికి కారణం మా అబ్బాజాన్.

ఆయన బళ్ళారి చౌరస్తా దగ్గర లారీ బ్యాటరీల మిస్త్రీ. ముప్పై ఏళ్ళు ఆసిడ్‌తో చేతులు కాల్చుకున్నారు. డ్రైవర్ వచ్చి "బ్యాటరీ చచ్చింది సాబ్, కొత్తది వెయ్" అంటే ఆయన వెంటనే తలూపేవారు కాదు. "చచ్చిందో లేదో నువ్వు చెప్తావా, అది చెప్పాలా?" అనేవారు. మూతలు ఆరూ విప్పి, హైడ్రోమీటరు ఒక్కో సెల్లులో ముంచి చూసేవారు. తర్వాత లోడ్ పెట్టి చూసేవారు. టెర్మినల్స్ గీకి, కేబుల్ బిగించి మళ్ళీ చూసేవారు. కొత్త బ్యాటరీ అమ్మితే నాలుగు పైసలు మిగిలే చోట, తుప్పు గీకి పది రూపాయలు తీసుకుని పంపిన రోజులు నాకు గుర్తున్నాయి. ఆయన కొడుకునై ఉండి నేను మూత కూడా విప్పకుండా ఫైసలా చెప్పేశాను.

లారీ బ్యాటరీలో ఆరు సెల్లులు. నిండుగా ఉంటే ఒక్కోటి 2.1 వోల్టులు, మొత్తం 12.6. మా వాడి బ్యాటరీలో మూడే సెల్లులు, దాన్ని త్రీఎస్ అంటారు. నిండితే ఒక్కోటి 4.2, మొత్తం అదే 12.6. అంకె ఒకటే. సబఖ్ కూడా ఒకటే. మొత్తం చూసి మోసపోవద్దు, ఒక్కో సెల్లునీ అడుగు. ఖాళీగా కూర్చున్నప్పుడు అడగొద్దు, బరువు మోస్తున్నప్పుడు అడుగు.

మర్నాడు ఫజర్ తర్వాత వాణ్ని లేపి, డాబా మీదకి రమ్మన్నాను. ఇద్దరం తహ్ఖీఖ్ మొదలుపెట్టాం. మీ పిల్లలకీ పనికొస్తుందని వరస చెప్తున్నాను.

మొదటి సవాల్: గాల్లో చచ్చిందేమిటి? మోటారు మాత్రమేనా, అన్నీనా? ఇది చాలామంది అడగరు. మోటారు ఆగినా రెక్కల మీద పలకలు, తోక కదులుతున్నాయంటే రేడియో బతికే ఉంది. అలాంటప్పుడు అనుమానం ఎక్కువగా ఈఎస్‌సీ మీదకి, అంటే మోటారు వేగం చూసే పెట్టె మీదకి వెళ్ళాలి. వోల్టేజ్ ఒక హద్దు దాటి పడిపోతే అది మోటారుకి కరెంట్ ఆపి, మిగిలిన కాస్తా సర్వోలకి ఉంచుతుంది. అది దగా కాదు, హిఫాజత్. బాగా వేడెక్కినా అలాగే ఆపుతుంది. అలా కాకుండా మోటారు, పలకలు అన్నీ ఒకేసారి చచ్చాయంటే కనెక్టర్ ఊడిందనో, సర్వోలకి 5 వోల్టులిచ్చే బీఈసీ చేతులెత్తేసిందనో, రిసీవర్‌దే తప్పనో వెతకాలి. మా వాడు "చివరిదాకా ఎలివేటర్ కదిలింది అబ్బా" అన్నాడు. అంటే మొదటి రకం. ఇలా ఆగినప్పుడు థ్రాటిల్ పూర్తిగా కిందికి తెచ్చి మెల్లగా పైకి తీస్తే చాలా ఈఎస్‌సీలు కొంచెం శక్తి మళ్ళీ ఇస్తాయి. ఇవ్వకపోతే ముక్కు కాస్త దించి, ఎదురుగా ఉన్న ఖాళీ నేల మీదకే తేలుతూ దిగాలి. వెనక్కి తిప్పొద్దు, ముక్కు పైకి లాగొద్దు. ఇది వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన వాణ్ని నేను.

రెండో సవాల్: సెల్లులు విడివిడిగా ఎంతున్నాయి? బ్యాటరీకి సన్నని తెల్ల ప్లగ్గు ఒకటి ఉంటుంది, బ్యాలెన్స్ లీడ్ అంటారు. రెండు మూడొందల చెకర్ దానికి గుచ్చితే ఒక్కో సెల్లు లెక్క చెప్తుంది. మాది ఇలా చూపించింది: 3.74, 3.73, 3.31. మొత్తం కూడితే 10.78. మొత్తం మాత్రమే చూసినవాడు "ఇంకా మిగిలే ఉందిగా" అనుకుంటాడు. మూడో సెల్లు మాత్రం కిందపడి ఉంది. ఒక ఖాందాన్‌లో ఇద్దరు బాగా సంపాదించి ఒకడు ఆకలితో ఉంటే, సగటు చూసి "మాషా అల్లాహ్, అందరూ బాగున్నారు" అన్నట్టుంటుంది.

మూడో సవాల్: బరువు మోసేటప్పుడు ఏమవుతోంది? ప్రతి సెల్లుకీ లోపల కొంత అడ్డు ఉంటుంది. దాన్ని ఇంటర్నల్ రెసిస్టెన్స్ అంటారు. నీళ్ళ పైపులో పాచి పట్టినట్టనుకోండి. కుళాయి కట్టేసి ఉన్నప్పుడు పాచి సంగతి తెలీదు. పూర్తిగా తిప్పితేనే ధార సన్నబడుతుంది. మా చార్జర్‌లో ఈ అడ్డు చూసే మోడ్ ఉంది. ఉబ్బిన దానికి మళ్ళీ చార్జింగ్ పెట్టకూడదు కాబట్టి, చార్జ్ చేయకుండా కొలత మాత్రం తీసుకున్నాం. మొదటి రెండు సెల్లులు 9, 10 మిల్లీ ఓమ్‌లు. మూడోది 45.

ఇప్పుడు హిసాబ్ చూడండి. వేరే మంచి బ్యాటరీ పెట్టి, వాట్ మీటరుతో కొలిస్తే మా మోటారు పూర్తి థ్రాటిల్‌లో 22 ఆంపియర్లు లాగుతోంది. మంచి సెల్లులో పడిపోయేది సుమారు 0.2 వోల్టు. మూడో దాంట్లో 0.99, అంటే దాదాపు ఒక వోల్టు. గాల్లో ఆ మూడో చుట్టులో మంచివి 3.75 దగ్గర, చెడ్డది 3.45 దగ్గర ఉన్నాయనుకుంటే, బరువు మీద అవి 3.55, 3.53, 2.46 అవుతాయి. మొత్తం 9.54. మా ఈఎస్‌సీ హద్దు సెల్లుకి 3.2 చొప్పున 9.6. మోటారు ఆగింది. నజర్ లేదు, నక్లీ లేదు. ఏడో తరగతిలో చదివే గుణకారం, కూడిక.

ఇందులో ఇంకో మాట ఉంది. ఈఎస్‌సీకి మొత్తం మాత్రమే కనపడుతుంది, సెల్లులు కనపడవు. దాని హద్దు 9.0 దగ్గర పెట్టి ఉంటే ఆపేది కాదు, ఆ మూడో సెల్లు 2.46 దగ్గర చస్తూనే విమానాన్ని మోసేది. లిపో సెల్లు 3.0 కిందికి దిగితే దెబ్బతింటుంది. అందుకే సెల్లు సెల్లుకీ చూసి కూత పెట్టే చిన్న అలారం ఒకటి బ్యాలెన్స్ ప్లగ్గుకి గుచ్చి ఎగరేయాలి. అది కూత పెట్టాక "ఇంకో చుట్టు" అనే లాలచ్ వద్దు. కెపాసిటీలో 80 శాతం దాటి వాడకుండా టైమర్ పెట్టుకోవడం ఇంకా మంచిది.

నాలుగో సవాల్: తప్పు నిజంగా బ్యాటరీదేనా? ఇది నన్ను ఎక్కువ సిగ్గుపరిచింది. అంతకు ముందు ఏడాది ఒక బ్యాటరీని "దమ్ము లేదు" అని పారేయించి, పదిహేను వందలు పెట్టి కొత్తది కొన్నాను. కొత్తదానితోనూ అదే నీరసం. చివరికి తేలిందేమిటంటే, ఈఎస్‌సీ వైపు ఎక్స్‌టీ60 కనెక్టర్‌లో టంకం సరిగ్గా అతకలేదు. విమానం దిగిన వెంటనే వేలితో తాకితే కనెక్టర్ సెగలు కక్కుతోంది. బ్యాటరీ ఇచ్చిన శక్తి అక్కడే వేడిగా పోతోంది. అబ్బాజాన్ టెర్మినల్స్ గీకేది అందుకే కదా! మంచి బ్యాటరీని బేగునాహ్‌గా శిక్షించాను. ఇస్రాఫ్ అంటే పిల్లలు కొనేది కాదు, కారణం తెలీకుండా మనం పారేసేది.

ఇంకా చూడాల్సినవి ఉన్నాయి. పంకా మార్చారా? ఒక్క అంగుళం పెద్ద పంకా వేసినా మోటారు లాగే కరెంట్ బాగా పెరుగుతుంది, నెల కిందట చాలిన బ్యాటరీ ఇప్పుడు చాలదు. స్టిక్కర్ మీద "25సీ" అని ఉంటే 2200 ఎమ్‌ఏహెచ్ బ్యాటరీ 55 ఆంపియర్లు ఇస్తుందని అర్థం. కానీ ఆ అంకెలు తరచూ దుకాణం ఉదారంగా రాసినవే, సగానికి నమ్మితే చాలు. చార్జర్‌లో లిపో మోడ్, సెల్లుల సంఖ్య సరిగ్గా ఉన్నాయా? వాడిన బ్యాటరీ నిండడానికి ఎన్ని ఎమ్‌ఏహెచ్ వెళ్ళింది? పూర్తిగా వాడిన 2200 బ్యాటరీ 1400తోనే నిండిపోయిందంటే దాని ఉమ్ర్ అయిపోయింది.

ఇక అసలు ముజ్రిమ్ సంగతి.

అన్నీ చూశాక వాడు తల వంచుకుని, మెల్లగా అన్నాడు. "అబ్బా, ఆ రోజు మీరే చెప్పారు కదా." ఏం చెప్పాను? గుర్తొచ్చింది. రంజాన్ చాంద్‌కి ముందు రోజు, "రోజాల్లో ఇవన్నీ పెట్టుకోకు, నాలుగూ ఇప్పుడే ఫుల్ చార్జ్ చేసి బీరువా మీద పెట్టేయ్, ఈద్‌కి తయారుగా ఉంటాయి" అన్నాను. రేకుల గది. ఏప్రిల్ ఎండ. నెల రోజులు.

లిపోకి నిండు కడుపుతో పడుకోవడం పడదు. 4.2 దగ్గర వారాల తరబడి ఉంచితే, అందులోనూ వేడిలో ఉంచితే, లోపలి రసాయనాలు విరిగిపోతాయి, గ్యాస్ పుడుతుంది, అడ్డు పెరుగుతుంది. ఉన్నవాటిలో బలహీనమైన సెల్లు ముందు పడిపోతుంది. ఎగరేయని రోజుల్లో సెల్లుకి 3.8 దగ్గర, చల్లని చోట ఉంచాలి. మంచి చార్జర్లన్నిట్లో స్టోరేజ్ అని ఒక మోడ్ ఉంటుంది, అది ఈ పనికే. ఎగరేయడానికి ముందు రోజో, అదే రోజో నింపుకోవాలి. నెలంతా సగం కడుపుతో ఉండాల్సింది బ్యాటరీలు. నేను వాటిని ఇఫ్తార్ దావత్‌లో కూర్చోబెట్టాను.

చెంప దెబ్బ వాడికి, గల్తీ నాది. అదే డాబా మీద వాడికి మాఫీ చెప్పాను. తండ్రి కొడుకుని మాఫీ అడిగితే ఇజ్జత్ పోతుందని మనలో కొందరనుకుంటారు. ఇల్జామ్ అందరి ముందు వేసి, మాఫీ చాటుగా అడిగితే మాత్రం అది సగం మాఫీయే. అందుకని తర్వాతి ఆదివారం ఖాలా ఇంటికి వెళ్ళి, అందరి ముందే చెప్పాను.

ఇప్పుడు నా రాయ్. ఇలాంటి హాద్సా తర్వాత ఇళ్ళల్లో వచ్చే మొదటి మాట "బంద్ కరో". పిల్ల పక్కన పడింది, భయం నిజం. భయపడొద్దని నేననను. కానీ బంద్ అంటే ఏమవుతుంది? పదిహేనేళ్ళ పిల్లవాడు మానడు, దాచుకుంటాడు. పరుపు కింద దాస్తాడు, అందరూ పడుకున్నాక చార్జ్ పెడతాడు, ఉబ్బిందని మనకి చెప్పడు. ఆట కన్నా ఆ దాపరికం ఖతర్నాక్. పైగా ఏది బంద్ చేస్తారు? ఇదే లిథియం జాతి బ్యాటరీ మీ ఫోన్‌లో ఉంది, పవర్ బ్యాంకులో ఉంది, గుమ్మం ముందు ఎలక్ట్రిక్ స్కూటర్‌లో ఉంది. దాని ఆదాబ్ నేర్చుకోకుండా ఇక బతుకు లేదు. విమానం పిల్లవాడికి ఆ తమీజ్ నేర్పే మదరసా.

బంద్ కాదు, హద్దులు పెట్టండి. మా ఇంట్లో పెట్టుకున్నవి ఇవి. మనిషి మెలకువగా, దగ్గర ఉన్నప్పుడే చార్జింగ్. సహ్రీకి ప్లగ్గు పెట్టి ఫజర్ చదివి పడుకోవడం హరామ్ అన్నంత గట్టిగా చెప్పాను. రజాయిలు, పరుపులు, పెళ్ళి బట్టల పెట్టెలు ఉన్న గదిలో చార్జింగ్ లేదు. డాబా మీద నీడలో, మట్టి కుండ పెంకులో పెట్టి, పక్కన ఇసుక బకెట్. 2200 బ్యాటరీకి 2.2 ఆంపియర్లకి మించి చార్జింగ్ కరెంట్ లేదు, ప్రతిసారీ బ్యాలెన్స్ చార్జే. దిగిన వెంటనే వేడిగా ఉన్నదాన్ని చార్జ్ పెట్టకూడదు. ఎండలో నిలబెట్టిన కారులో వదలకూడదు. ప్రతి బ్యాటరీ మీదా నంబరు, కొన్న తేదీ. నోట్‌బుక్‌లో సెల్లుల లెక్క. ఆ నోట్‌బుక్ మా అమ్మాయి రాస్తుంది, అన్న కన్నా దానికే హిసాబ్ బాగా వచ్చు. మంట వస్తే బ్యాటరీని కాపాడే బహాదురీ వద్దు. ఆ పొగ విషం, ముందు మనుషులు బయటికి. ఎగరేసేటప్పుడు చూసేవాళ్ళందరూ పైలట్ వెనకే. పిల్లలైతే ఇంకా దూరం.

ఉబ్బిన బ్యాటరీని సూదితో గుచ్చి గాలి తీసేవాళ్ళని చూశాను. తౌబా! అది నిప్పుని పిలవడం. ఉప్పు నీళ్ళలో వేస్తే చాలంటారు కొందరు. నీళ్ళలో లోహపు పట్టీలు తుప్పు పట్టి తెగిపోతే, లోపల శక్తి అలాగే మిగలొచ్చు. బయట, ఇసుకలో పెట్టి, 12 వోల్టుల చిన్న కారు బల్బు తగిలించి, దగ్గర మనిషి ఉండి, పూర్తిగా ఖాళీ చేసి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇవ్వండి. చెత్తబుట్టలో వేస్తే కాలేది చెత్త ఏరే పిల్లవాడి చెయ్యి. అది కూడా మన గర్దన్ మీదే.

"అంతా అల్లాహ్ మర్జీ, మనమేం చేయగలం" అనే పెద్దలకి ఒక్క మాట. ఒంటెని కట్టేశాక తవక్కుల్ అని మనకి చిన్నప్పుడే నేర్పారు. ఖబర్ వస్తే ముందు తహ్ఖీఖ్ అనీ నేర్పారు. 9వ శతాబ్దంలో ఖుర్తుబాలో అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ రెక్కలు కట్టుకుని గాల్లో తేలాడని, దిగేటప్పుడు వీపుకి దెబ్బ తగిలిందని చాలా తర్వాత, 17వ శతాబ్దంలో, అల్ మఖ్ఖరీ రాశాడు. ఆ రాతలో నాకు నచ్చేది ఎగరడం కాదు, పడటానికి చెప్పిన కారణం. పక్షి దిగేటప్పుడు తోక వాడుతుంది, ఈయన తోక పెట్టుకోలేదు. అంతే. నజర్ అనలేదు, నసీబ్ అనలేదు. ఏ భాగం లోపించిందో చెప్పారు. జల్సాల్లో ఆయన పేరు చెప్పి ఫఖర్ పడేవాళ్ళం, ఇంట్లో పిల్లవాడి విమానం పడితే తోక వైపు చూడకుండా చెంప వైపు చూస్తున్నాం.

అబ్బాజాన్ హైడ్రోమీటరు ఇంకా మా ఇంట్లో ఉంది. గాజు కొంచెం మసకబారింది. లిపోకి అది పనికిరాదు. అయినా ఛోటా దాన్ని చార్జర్ పెట్టే అరలోనే ఉంచాడు. వాడు ఇప్పుడు డిప్లొమా చదువుతున్నాడు, ఇన్షా అల్లాహ్ వచ్చే ఏడు పూర్తవుతుంది. పోయిన వారం మా పక్కింటి ఆయన ఇన్వర్టర్ బ్యాటరీ పోయిందని, కొత్తది కొందామని బయల్దేరుతుంటే, వీడు "ఒక్క నిమిషం చాచా, లోడ్ పెట్టి చూద్దాం" అన్నాడు.

మీ ఇంట్లో కూడా ఏదో ఒక రోజు ఏదో ఒకటి పడుతుంది. చెయ్యి లేపే ముందు మీటరు తీయండి.

అల్లాహ్ హాఫిజ్.